ఎర్ర పెంకుల గీత

ఆ ఆదివారం పొద్దున్నే మా కోడలు నా గది గుమ్మంలో నిలబడి, చేతిలోని కాగితం మీద పేర్లు మూడోసారి లెక్కపెట్టుకుని, "అత్తయ్యా, ఇవాళ్టికి మీరు నాకు ఏమీ కారు," అంది.

తల దువ్వుకుంటున్నదాన్ని దువ్వెన జుట్టులో అలాగే ఉంచి చూశాను. కాపురానికి వచ్చిన తొమ్మిదేళ్లలో ఆ పిల్ల నన్ను అనని మాట అది.

"ఏం చేశానే తల్లీ? పాల మీద మూత పెట్టలేదా?"

"అదీ పెట్టలేదు. కానీ అది కాదు. ఒకాయనకి జ్వరమట, రానని ఫోన్ చేశాడు. ఏడుగురే మిగిలారు. ఎనిమిది మంది లేకపోతే నడక చెల్లదు. మీరు ఎనిమిదో మనిషి. టికెట్టు తీసుకుని, మామూలు మనిషిలా వచ్చి, మామూలు మనిషిలా వెళ్లిపోవాలి."

"నేను మామూలు మనిషినే కదే."

"దణ్ణం పెడతాను అత్తయ్యా. నన్ను ఎరగనట్టు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, నోరు విప్పకూడదు."

మా కోడలిది పాత పట్నంలో పని. కోటగోడ లోపల ఉన్న ఆ నాలుగు వీధులూ ఆరువందల ఏళ్ల నాటివి. చూడవచ్చినవాళ్లని వెంటబెట్టుకుని రెండు గంటలు నడిపించి, ఏ రాయి ఎవరు నిలబెట్టారో, ఏ తలుపు ఎందుకు మూశారో చెప్పడం ఆ పని. అయితే మెడలో కోట ఆఫీసువారి బిళ్ల ఉంటేనే గైడు. బిళ్ల లేనివాళ్లు ఇంకా నేర్చుకుంటున్నట్టే లెక్క. బిళ్ల ఇచ్చేముందు ఆఫీసు మనిషి ఒకరు చూడవచ్చినవాళ్లలో కలిసిపోయి నడుస్తారు. ఎవరన్నది చెప్పరు. అదే పరీక్ష.

మా కోడలు అప్పటికి రెండుసార్లు తప్పింది. మొదటిసారి గొంతు పెగల్లేదు. రెండోసారి కంగారులో తండ్రి రాజునీ కొడుకు రాజునీ తారుమారు చేసి, కొడుక్కి ముందు పట్టం కట్టి, తండ్రిని అతని వారసుణ్ణి చేసింది. మూడోసారి తప్పితే ఇక పరీక్ష లేదు. మళ్లీ టికెట్ల కిటికీలోకే పోవాలి. ఆరేళ్లు అక్కడ కూర్చుంది. ఆ కిటికీకి చెయ్యి పట్టేంత కంత మాత్రమే ఉంటుంది. "ఊరంతా నా ముందునుంచే పోతారు అత్తయ్యా. నాకు మాత్రం వేళ్లే కనపడతాయి," అనేది.

ఆ కంతలోకి ఈ పిల్ల మళ్లీ వెళ్లడం నాకు ఇష్టం లేదు. అందుకని నోరు విప్పనని మాట ఇచ్చాను.

మా అబ్బాయి రొట్టెల బట్టీలో పని ముగించుకుని అప్పుడే ఇంటికి వచ్చాడు, జుట్టు నిండా పిండితో. సంగతి విని, "అమ్మ రెండు గంటలు నోరు మూసుకోవడమా? బిళ్ల అమ్మకి ఇవ్వాలి," అన్నాడు.

"నువ్వు పోయి పడుకోరా," అన్నాం ఇద్దరం ఒక్కసారే.

నిజానికి ఆ నడక నాకు సగం పైగా కంఠతా వచ్చు. మూడు నెలలుగా ఆ పిల్ల సాయంత్రాలు గిన్నెలు తోముతూ చెప్పుకునేది, నేను తుడుస్తూ వినేదాన్ని. బోర్లించిన బాణలి కోట బురుజు. గరిటెలన్నీ సైన్యం. ఉత్తర ప్రాకారం దగ్గర వరద వచ్చిన కథ చెప్పినప్పుడల్లా నేను తుడిచే గుడ్డతోనే కళ్లు తుడుచుకునేదాన్ని. పిల్లాణ్ణి పిండి పిసికే తొట్టెలో పెట్టి నీళ్ల మీద వదిలిన తల్లి కథ అది. ఎన్నిసార్లు విన్నా ఏడుపు ఆగేది కాదు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నాకు అక్షరాలు వచ్చింది ఈ పిల్ల వల్లే. అప్పటికి నాకు యాభై ఎనిమిదేళ్లు. ఆమె పద్ధతి వేరు. చదివి వినిపించేది కాదు. అక్షరం కింద వేలు పెట్టి ఆగేది. నేను చూసేదాన్ని, ఆమె నన్ను చూసేది. నాకు ఒళ్లు మండిపోయేది.

"అదేదో చెప్పి చావవే!"

"చెప్తే అది నాదే అవుతుంది అత్తయ్యా. మీది కాదు," అనేది, వేలు తియ్యకుండా.

అలా బస్సుల మీద, మందుసీసాల మీద, సబ్బు కాగితాల మీద వేలు పెట్టి పెట్టి, ఏడాదిన్నరకి నా చేత చదివించింది.

ఎనిమిది గంటలకి కోట పెద్ద తలుపు దగ్గర అందరం చేరాం. కొత్తగా పెళ్లయిన జంట ఒకటి. బడిపంతుళ్లుగా చేసి మానుకున్న అక్కాచెల్లెళ్లు ఇద్దరు. మెడలో కెమెరా వేసుకున్న ఒకాయన. సంచిలో బిస్కెట్లు నింపుకుని వచ్చిన ఒకావిడ. ఇక గొడుగు చంకలో పెట్టుకుని, చిన్న పుస్తకం చేతిలో పట్టుకున్న ఒక పెద్దమనిషి. ఎండా లేదు, వానా లేదు, గొడుగెందుకు? పుస్తకమెందుకు? పరీక్ష పెట్టే మనిషి ఈయనే అని నాకు అర్థమైపోయింది. కోడలికీ అర్థమైనట్టుంది, ఆయనకి పెట్టిన నమస్కారం కాస్త ఎక్కువ వంగింది.

అందరినీ పలకరిస్తూ నా దగ్గరికి వచ్చింది. "మీరు ఎక్కడినుంచి వచ్చారండీ?"

పొద్దున నేను పెట్టిన టీ తాగి వచ్చిన పిల్ల. నాకు నవ్వు ఆగలేదు. దగ్గుగా మార్చి, "దూరం నుంచి," అన్నాను.

"ఎంత దూరం?" అంది పక్కనున్న బిస్కెట్లావిడ.

"బస్సు మారాలి."

"ఓ, చాలా దూరమే," అని నాకో బిస్కెట్టు ఇచ్చింది.

కోడలు మొదలుపెట్టింది. మొదట రెండు మాటలు వణికాయి. తర్వాత పెద్ద తలుపు కింద గడపరాయి చూపించింది. బండిచక్రాలు అరిగించిన రెండు చాళ్లు, అరచెయ్యి లోతున. పొద్దుగుంకేవేళ గంట కొట్టి తలుపులు మూసేవారట. గంట తర్వాత వచ్చినవాడు ఎంత గొప్పవాడైనా బయటే. "అలా బయట మిగిలిపోయినవాళ్ల కోసం గోడ అవతల పూటకూళ్ల ఇళ్లు లేచాయి. ఆలస్యంగా వచ్చేవాళ్లు లేకపోతే ఊరికి బయటి పేటే లేదు," అంది.

"విన్నావా?" అన్నాడు పెళ్లికొడుకు భార్యతో. "నా వల్ల ఊళ్లు లేచేవి."

"మన బస్సు మాత్రం వెళ్లిపోయేది," అంది ఆ అమ్మాయి.

గొడుగాయన పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. కోడలు ఆ పుస్తకం వైపు చూసి, నడక కాస్త వేగం పెంచింది.

తర్వాత బట్టల అంగళ్ల వీధి. అక్కడ కమాను రాతిలో మూర పొడవు గాడి ఒకటి చెక్కి ఉంది. ఆ రోజుల్లో బట్ట కొన్నవాళ్లు దాన్ని ఆ గాడికి ఆనించి చూసుకునేవారట. తక్కువొస్తే అంగడివాణ్ణి అక్కడికే పిలిచి, ఆ బట్టనే అతని మెడలో వేసి వీధి చివరిదాకా నడిపించేవారట. కోడలు అందరి చేత మోచేతులు ఆనించింది. నా చెయ్యి రెండు వేళ్లు తక్కువొచ్చింది.

"మీ అంగట్లో కొనకూడదు," అన్నాడు కెమెరా ఆయన.

"మా అంగట్లో అరువూ లేదు," అన్నాను. కోడలు కళ్లు పెద్దవి చేసింది. నోరు మూసుకున్నాను.

రంగులవాళ్ల వీధిలో కాలవ రాళ్లకి ఇంకా నీలి చారలు ఉన్నాయి. ఎప్పుడో మనుషులు చేతులు ముంచి కడుక్కున్న రంగు. మా కోడలు మాట్లాడుతుంటే నాకు చుట్టూ ఉన్న వీధి మారిపోయినట్టయింది. వంటింట్లో వింటే అది కథ. ఇక్కడ ఆమె వెనక రాళ్లు సాక్ష్యం నిలబడ్డాయి. ఇప్పుడు గొంతు వణకడం లేదు. చెల్లెలు పంతులమ్మ నా చెవిలో, "ఎవరి పిల్లో గాని, బంగారం," అంది. "అవునండీ, ఎవరి పిల్లో," అన్నాను. అలా అనడానికి ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు.

"ఇప్పుడు ఉత్తర ప్రాకారం దగ్గరికి వెళ్తాం," అంది కోడలు.

సందు మలుపు తిరిగాం. గోడ మీద, నా భుజమంత ఎత్తున, ఒక ఇనప కడియం కనిపించింది.

కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఆ కడియానికి నేను అన్నం మూట తగిలించేదాన్ని. పక్క కడియాలకి సున్నం మోసుకొచ్చే గాడిదల్ని కట్టేసేవాళ్లు. మేము దీన్ని గాడిదల సందు అనేవాళ్లం. ఉత్తర ప్రాకారం అనే మాట మాలో ఒక్కరికీ తెలియదు. మూడు నెలలు గిన్నెలు తుడుస్తూ నేను విన్నది ఈ గోడ గురించే!

ముప్పై ఒక్క ఏళ్ల కిందటి మాట. వానలకి ఈ గోడ పైభాగం కూలిపోతే బాగుచేయడానికి పెట్టిన మనుషుల్లో మా ఆయన ఒకడు. తాపీ మేస్త్రీ. నేను సున్నం నానబెట్టి, జల్లెడ పట్టి అందించేదాన్ని. కూలగా మిగిలిన పాత రాళ్ల మీద కొత్త వరస మొదలుపెట్టేముందు, ఆయన నా చేత ఎర్ర పెంకులు బొటనవేలంత ముక్కలుగా కొట్టించేవాడు. ఆ ముక్కల్ని సున్నంలో వరసగా నిలబెట్టి గోడ పొడుగునా ఒక గీతలా పరిచి, ఆ పైన కొత్త రాయి పెట్టేవాడు.

"ఇంత కష్టం ఎందుకు? ఒకే రంగు కలిపేస్తే ఎవరికీ తెలియదు కదా," అన్నాను ఒకరోజు, వేళ్లు చితికి.

"అదే కదే దొంగతనం. రేపెవడో వచ్చి చూస్తాడు. ఎక్కడిదాకా వాళ్లది, ఎక్కడినుంచి మనది, వాడికి తెలియాలి. మన పని బాగోలేకపోతే పాపం పాతవాళ్లని తిట్టకూడదు కదా," అని నవ్వాడు.

చివరిరోజు సరదాకి నన్ను కూడా ఒక ముక్క పెట్టమన్నాడు. పెట్టాను. వంకరగా వచ్చింది. ఆయన చూశాడు, తాపీ ఎత్తాడు, ఏమనుకున్నాడో, దించేశాడు. ఆయన పోయి పదకొండేళ్లు.

"ఇదిగో, ఈ ఎర్ర గీత చూడండి," అంటోంది కోడలు. ఛాతీ ఎత్తున ఉన్న గీత మీద అరచెయ్యి పెట్టింది. "ఆరువందల ఏళ్ల కిందట ఒక పొద్దున నది ఈ గోడలోపలికి వచ్చింది. ఇంత ఎత్తున వచ్చింది. నీళ్లు తీశాక బతికినవాళ్లు, అవి నిలిచిన మేర మరిచిపోకూడదని, మునిగిన ఇళ్ల పెంకులు తెచ్చి ఇక్కడ గుర్తుగా పొదిగారు..."

వంటింట్లో చూపించడానికి గోడ లేదు, అందుకే ఈ గీత మాట అక్కడ ఎప్పుడూ రాలేదు. తొట్టె వచ్చింది. తల్లి వచ్చింది. పంతులమ్మలిద్దరూ ఒకే రుమాలు పంచుకున్నారు. పెళ్లికూతురు మొగుడి చెయ్యి పట్టుకుంది. కెమెరా ఆయన కెమెరా దించాడు. వంటింట్లో చెప్పినదానికంటే పదింతలు బాగా చెప్పింది. ముందు పనిచేసిన గైడు దగ్గర ఆ పిల్ల విన్న కథ అది, తను పుట్టించింది కాదు.

నేను ఒక్కదాన్నే ఏడవలేదు. నా వేళ్లు నొప్పెట్టాయి.

మాట్లాడకపోతే బిళ్ల వచ్చేస్తుంది. ఆ కథకి తిరుగులేదు, అందరి ముఖాల్లోనూ కనిపిస్తోంది. ఇది తప్పే పిల్లా అని నేను అన్నానా, అందరిముందు, ఆ గొడుగాయన ముందు, ఆ పిల్ల తల వాలిపోతుంది. మళ్లీ ఆ కంత, ఆ వేళ్లు. అన్నిటికీ మించి, మాట ఇచ్చాను.

కానీ అనకపోతే? ఈ పిల్ల ఇక ప్రతి ఆదివారం ఇక్కడ నిలబడి, ఆయన ఎందుకు పెట్టాడో ఆ గీత చేత సరిగ్గా దానికి ఎదురే చెప్పిస్తుంది. కొత్తది పాతది అయిపోతుంది. ఏదో ఒకరోజు ఎవడో తెలిసినవాడు వచ్చి, నవ్వి పోతాడు. నవ్వేది మా కోడల్ని చూసి.

కోడలు కళ్లు తుడుచుకుని, "ఎవరికైనా సందేహాలుంటే అడగండి," అంది. అది ఆమె ప్రతి మజిలీలోనూ అడిగే మాటే.

చెయ్యి ఎత్తాను. నాకు అక్షరాలు నేర్పినప్పుడు ఆమె పెట్టిన వేలు గుర్తొచ్చి ఎత్తానో, ఊరికే ఎత్తానో తెలియదు.

కోడలి ముఖం తెల్లబోయింది. "చెప్పండి... అమ్మా."

"ఏమీ లేదమ్మా. ఈ గీత ఆ బండి వెనక ఎటు పోతుంది?"

గోడకి ఆనుకుని పళ్లరసాల బండి ఒకటి ఉంది. గీత దాని వెనక్కి పోయి కనపడకుండా అయింది.

"నేరుగానే పోతుందండీ," అంది కోడలు.

"చూశావా?"

ఆగింది. అబద్ధం చెప్పడం రాదు ఆ పిల్లకి. "లేదు. నేను ఈ నడక నేర్చుకోవడం మొదలుపెట్టినప్పటినుంచీ బండి అక్కడే ఉంది."

"అయితే జరిపి చూద్దాం," అన్నాడు పెళ్లికొడుకు.

బండాయన ఒప్పుకోలేదు. "మీ చరిత్ర కోసం నా బండి కదపాలా? చక్రం విరిగి నాలుగు నెలలైంది. ఇది కూడా చరిత్రే, పక్కన నిలబడి ఫోటో తీసుకోండి."

"రెండడుగులే అన్నా," అంది కోడలు.

"గోడని జరపండి, అది తేలిక," అన్నాడు గాని, లేచి ఒక చెయ్యి వేశాడు. పెళ్లికొడుకు, కెమెరా ఆయన, గొడుగాయన కూడా పట్టారు. బిస్కెట్లావిడ పళ్లెంలోని గ్లాసులు పట్టుకుంది. బండి కీచుమంటూ జరిగింది.

వెనక గీత నేరుగా లేదు. ఛాతీ ఎత్తునుంచి ఒక మెట్టు దిగి, ఇంకో మెట్టు దిగి, మోకాలి దగ్గరికి వచ్చి, బారెడు దూరం అలా పోయి, మళ్లీ మెట్లుగా పైకి ఎక్కింది. ఆ చోట గోడ ఎక్కువ లోతుకి కూలింది. నాకు తెలుసు. అక్కడ కూర్చునే పెంకులు కొట్టాను.

నేను దగ్గరికి వెళ్లి, కిందికి దిగిన గీత కింద వేలు పెట్టాను. పెట్టి, కోడలి వైపు చూసి ఆగాను.

ఆ పిల్ల నా వేలు చూసింది. నన్ను చూసింది. మళ్లీ వేలు చూసింది. అప్పుడు మోకాళ్ల మీద కూర్చుని గీత కింది సున్నాన్ని గోటితో తాకింది, పైది తాకింది. కింద గోధుమరంగు, గులకరాళ్లు కలిసినది. పైన తెల్లనిది, మెత్తనిది. కింది రాళ్ల అంచులు అరిగి గుండ్రమయ్యాయి. పై రాళ్లవి ఇంకా పదును. చెప్పి చావవే అని ఆమె అంటుందేమోనని చూశాను. అనలేదు. నాకంటే ఓపిక.

లేచి నిలబడింది. గొడుగాయన వైపు ఒక్కసారి చూసి, ఊపిరి తీసుకుని, అందరి వైపు తిరిగింది.

"నేను మీకు చెప్పింది తప్పు," అంది.

పంతులమ్మలు రుమాలు దించారు.

"నిలిచిన నీళ్లు ఇక్కడ ఛాతీదాకా, అక్కడ మోకాలిదాకా ఉండవు. ఇది నీటి గుర్తు కాదు. గోడ కూలిన చోటు అంచు. దీని కింద ఉన్నది ఆరువందల ఏళ్లది. పైన ఉన్నది... పైన ఉన్నది చాలా తర్వాతిది. ఎవరో బాగుచేశారు. బాగుచేసి, బాగుచేశామన్న సంగతి దాచలేదు. మనకోసం గీత గీసి పోయారు. నేను దాన్ని చదవకుండా ఇంకేదో చెప్పాను. క్షమించండి."

"మరి ఆ తల్లీ, తొట్టే?" అంది అక్క పంతులమ్మ.

"నాకు తెలియదండీ. ఇంకెక్కడైనా జరిగి ఉండొచ్చు. ఈ గోడ మాత్రం దానికి సాక్ష్యం కాదు."

"అయితే మేము ఊరికే ఏడ్చామా?"

"ఇంకెక్కడో ఏ తల్లికో పనికొస్తుందిలేవే అక్కా," అంది చెల్లెలు, ముక్కు తుడుచుకుంటూ.

పెళ్లికూతురు గీత మీద వేళ్లు ఆనించి, "ఎంత ఓపిగ్గా పెట్టారో. ఎవరు పెట్టారండీ ఇవి?" అంది.

"తెలియదు. కనుక్కుని..."

"మా ఆయన," అన్నాను.

ఎంత ఆపుకున్నా ఆ రెండు మాటలూ వచ్చేశాయి.

"అత్తయ్యా!" అంది కోడలు. అని, రెండు చేతులతో నోరు మూసుకుంది.

ఎనిమిది ముఖాలు, బండాయనతో కలిపి, ఆమె వైపునుంచి నా వైపు తిరిగాయి. బిస్కెట్లావిడ నములుతున్నది ఆపింది. గ్లాసుల పళ్లెం బండి మీద పెట్టి, సంచిలో బిస్కెట్ల అడుగునుంచి ఆఫీసు ముద్ర ఉన్న కాగితం ఒకటి తీసింది.

"ఈవిడ మీకు అత్తగారా?"

కోడలు గొడుగాయన్ని చూసింది, నేనూ చూశాను. ఆయన గాబరాపడి, "నన్నెందుకు చూస్తున్నారు? రోజూ ఎన్ని అడుగులు వేశానో రాయమన్నాడు డాక్టరు. ఇప్పటికి రెండువేల నాలుగొందలు," అన్నాడు.

"బస్సు మారాలన్నారు," అంది బిస్కెట్లావిడ నాతో.

"మారాలండీ. అబద్ధం కాదు. ఒకటో నంబరు దిగి నాలుగో నంబరు ఎక్కాలి." అక్కడితో ఆగలేకపోయాను. "పిల్లది తప్పు లేదమ్మా. ఒకాయనకి జ్వరం వచ్చింది. నేనే వస్తానన్నాను."

"లేదండీ, నేనే రమ్మన్నాను," అంది కోడలు.

ఆవిడ మా ఇద్దర్నీ కాసేపు చూసింది. "బంధువులు లెక్కలోకి రారు. అంటే ఏడుగురే. ఏడుగురితో జరిగిన నడక జరగనట్టే. దీనికి నేను మార్కులు వెయ్యలేను."

కోడలు తల వంచుకుంది. "అర్థమైందండీ."

"పూర్తిగా అర్థమైనట్టు లేదు," అందావిడ, కాగితం మడుస్తూ. "జరగని నడకలో చెప్పిన తప్పులు కూడా జరగనట్టే. వచ్చే ఆదివారం ఎనిమిది మందిని పోగుచెయ్యండి. బయటివాళ్లని." తర్వాత నావైపు తిరిగి, "మీ ఆయన అక్కడ, ఆ మూల, ఏ సున్నం వాడారు?" అని అడిగింది. చెప్పాను. గంటసేపు చెప్పాను. ఎవరూ వెళ్లిపోలేదు.

ఇంటికి వెళ్తూ బస్సులో కోడలు, నాలుగో నంబరు దిగి ఒకటో నంబరు ఎక్కాక, ఒక్కసారిగా, "మూడు నెలలు! మూడు నెలలు నా పక్కన నిలబడి గిన్నెలు తుడిచారు! ఒక్క ముక్క చెప్పారా?" అంది.

"నువ్వు ఉత్తర ప్రాకారం అన్నావు. మాకది గాడిదల సందు."

"గాడిదల సందు," అని నవ్వడం మొదలుపెట్టి, మధ్యలో ఎప్పుడో ఏడుపులోకి పోయింది. నా భుజం మీద తల పెట్టింది. "మరి అక్కడైనా తప్పు అని చెప్పెయ్యొచ్చు కదా. బండి జరపడం అదీ ఎందుకు?"

"చెప్తే అది నాది అవుతుందటగా," అన్నాను.

ఆ వారమంతా గిన్నెల దగ్గర ఆమె అడగడం, నేను చెప్పడం. జల్లెడ ఎంత సన్నం, పెంకు ఎలా కొట్టాలి, మామయ్య పని చేస్తూ ఏం పాడేవాడు, గాడిదలకి పేర్లుండేవా. చూడని మామగారి గురించి ఆ పిల్ల అంతగా అడగడం అదే మొదలు. మా అబ్బాయి కూడా నిద్ర మానుకుని వచ్చి కూర్చున్నాడు. వాడికీ సగం తెలియదు.

మరుసటి ఆదివారం పదమూడు మంది వచ్చారు. గొడుగాయన వచ్చాడు. పెళ్లికూతురు తన తోటికోడల్ని తెచ్చింది. పంతులమ్మలు పాత స్నేహితురాళ్లని తెచ్చారు. నేను జాబితాలో లేను. సందులో, కడియం కింద, రాతి మీద కూర్చుని వాళ్లకోసం చూస్తున్నాను. బండాయన చక్రం బాగుచేయించుకున్నాడు. "నిన్న వేయించాను. ఎలాగూ జరపమంటారని," అని తనే పక్కకి లాగాడు.

కోడలు అందరినీ తెచ్చి గోడ ముందు నిలబెట్టింది. కథ చెప్పలేదు. గీత మెట్లు దిగే చోట వేలు పెట్టి ఆగింది. కొత్తగా వచ్చినవాళ్లు తికమకపడ్డారు. ఒకరు దారి అన్నారు, ఒకరు అలంకారం అన్నారు. ఆమె వేలు తియ్యలేదు. చివరికి పెళ్లికూతురి తోటికోడలు కిందా పైనా తడిమి, "ఇది పాతదీ, ఇది కొత్తదీనా?" అంది. ఆ ముఖం వెలిగిన తీరు నాకు తెలుసు. నేను మొదటిసారి సబ్బు కాగితం చదివినప్పుడు నా ముఖమూ అలాగే ఉండి ఉంటుంది.

"ఈ గీత పెట్టింది మా మామగారు," అంది కోడలు. "సున్నం కలిపిన మనిషి అదిగో, అక్కడ కూర్చున్నారు. మా అత్తగారు."

అందరూ తిరిగి నమస్కారం పెట్టారు. లేచి నిలబడ్డాను. ఏం చెయ్యాలో తెలియక నేనూ పెట్టాను.

బిస్కెట్లావిడ కాగితం మీద రాస్తూ గోడ పొడుగునా నెమ్మదిగా నడిచింది. చివర ఒకచోట ఆగి, వంగి చూసింది. "అన్నీ ఇంత వరసగా ఉన్నాయి. ఈ ఒక్క ముక్క ఇలా పక్కకి పడిపోయినట్టుందేం?"

మా కోడలికి తెలుసు. బుధవారం సాయంత్రం నేనే చెప్పాను. అయినా జవాబు చెప్పలేదు. వెళ్లి ఆ వంకర ముక్క కింద వేలు పెట్టి, నా వైపు చూసి, ఆగింది.

గొడుగాయన రాసుకోవడం ఆపాడు. పద్నాలుగు ముఖాలు నావైపే చూస్తున్నాయి.

"అది నేను పెట్టిందండీ," అన్నాను.